సూర్యుడి కోసం ఆగిన తెప్ప

మొన్న ఆదివారం మా మనవరాలు నా పక్కన కూర్చుని తన ఫోనులో కొరియా దేశపు సముద్రతీరం చూపించింది. ఆ పిల్లకి ఆ దేశపు సీరియళ్ళంటే మహా పిచ్చి. వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు కూడా నేర్చుకుంది. ఎప్పటికైనా స్నేహితురాళ్ళతో కలిసి ఆ తీరం వెంబడి తిరిగి రావాలని, ఏ ఊళ్ళో దిగాలో, ఏది ముందు చూడాలో ఇప్పటినుంచే పట్టీ రాసుకుంటోంది. నల్లరాళ్ళ మీద విరిగిపడే అలలు, కొండ అంచున కట్టిన చిన్న గుడి, తాళ్ళ మీద బట్టల్లా ఆరేసిన చేపలు చూస్తూ, మన బారువ వైపు కూడా ఇంత అందంగానే ఉండేదమ్మా అని చెప్పబోతున్నాను. అంతలో ఏదో రేవు వచ్చింది. పడవ ఎక్కబోతున్న జాలరిని ఫొటో తీసేవాడెవడో ఆగమని చెయ్యి చూపించాడు. ఆ మనిషి తాడు పట్టుకుని, నవ్వు మొహంతో, బుద్ధిగా ఆగాడు.

నేను కళ్ళజోడు తీసేసి వరండాలోకి వెళ్ళిపోయాను. ఏమైంది తాతయ్యా అని ఆ పిల్ల వెనకే వచ్చింది గానీ, కళ్ళు మండుతున్నాయమ్మా అని తప్పించుకున్నాను.

ఈ సంగతి నా భార్యకి కూడా సగమే చెప్పాను. ఆమె పోయి నాలుగేళ్ళయింది. నాలాంటివాళ్ళు, అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దవాళ్ళ మెప్పు కోసం ఏదో ఒకటి చేసి, తర్వాత బతుకంతా దాన్ని తలుచుకునేవాళ్ళు, మీలో కొందరైనా ఉంటారు కదా. మిగతా సగం మీకోసం రాస్తున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. వరి, గోగు, చోళ్ళు పండించే ఇల్లు. అరవైల చివర్లో మా ఊళ్ళన్నీ శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. బి.ఏ. గట్టెక్కగానే నాకు శ్రీకాకుళంలో ఒక కార్యాలయంలో తాత్కాలికపు గుమాస్తా పని దొరికింది. ఆ రోజుల్లో కొండల వైపు గొడవలు జరుగుతుండేవి. పత్రికల్లో మా జిల్లా పేరు కనబడిందంటే ఆ గొడవల గురించే. మా పై అధికారి పద్యాలంటే చెవి కోసుకునే మనిషి. మన జిల్లాకి ఇంత సముద్రం ఉంది, ఇన్ని పుణ్యక్షేత్రాలున్నాయి, ఎవరూ ఒక్క మంచి మాట రాయరేమని బాధపడుతుండేవాడు. చివరికి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించడానికి పైనుంచి అనుమతి తెప్పించి, ఫైళ్ళలో నా తెలుగు ఆయనకి నచ్చడం వల్ల, తీరమంతా తిరిగి చూడవలసిన చోట్ల గురించి రాసుకు రమ్మని నన్ను పంపించాడు. ఫొటోలు తియ్యడానికి ఆ ఊళ్ళోనే చిన్న స్టూడియో పెట్టుకున్న అన్నయ్యని, అంటే మా పెద్దనాన్న కొడుకుని, వెంట తీసుకెళ్ళాను.

దసరా వెళ్ళిన వారానికి బయలుదేరాం. ఆ పది రోజులంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ తిరగలేదు. ఆ మాట రాయడానికి సంకోచంగా ఉంది గానీ అది నిజమే. శ్రీకూర్మంలో తాబేలు మొహానికి ఎదురుగా కెమెరా పెట్టాలని అన్నయ్య పంచె ఎగ్గట్టి గచ్చు మీద బోర్లా పడుకుంటే, పూజారిగారు నవ్వు ఆపుకోలేక గోడకి చేరబడ్డారు. శాలిహుండం కొండెక్కి, పాత బౌద్ధుల ఇటుక కట్టడాల పక్కన కూర్చుని, కింద వంశధార మెలికలు తిరుగుతూ సముద్రంలోకి పోవడం ఎంతసేపు చూశామో, తెచ్చుకున్న పులిహోర పొట్లం కాకి ఎత్తుకుపోయేదాకా గమనించలేదు. కళింగపట్నంలో ఒకప్పటి ఓడరేవు గిడ్డంగుల మొండిగోడలు, వాటి మధ్య మేస్తున్న మేకలు, దూరంగా దీపస్తంభం. అక్కడి నుంచి ఉత్తరంగా, కొంత బస్సులో, కొంత ఎడ్లబండి మీద, ఎక్కువ దూరం కాలినడకనే వెళ్ళాం. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొబ్బరి, జీడితోటలు, మధ్యలో మొగలి పొదలు. ప్రతి చోటా ఒక రాయి మీద కూర్చుని నేను ‘నీలాంబుధి’ అనీ ‘ప్రకృతికాంత’ అనీ పెద్ద పెద్ద మాటలతో పేజీలు నింపేవాణ్ణి. రాసింది అన్నయ్యకి చదివి వినిపించి, బాగుందన్నదాకా వదిలేవాణ్ణి కాదు.

బారువకి ఇవతల ఒక జాలరి పల్లెలో ఆగాం. ఆ ఊరి పేరు రాయను. మంచినీళ్ళడిగిన పాపానికి ఒక ముసలమ్మ మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి, చేపల పులుసుతో అన్నం పెట్టి, రెండు రోజుల పాటు కదలనివ్వలేదు. ఆవిడ కొడుకు నా ఈడువాడు. పెళ్ళయి ఏడాది దాటలేదు. నన్ను మొదటిరోజు బాబూ అన్నాడు, రెండో రోజుకి బావా అన్నాడు. నేనూ అతన్ని ఇప్పటికీ మనసులో బావ అనే పిలుచుకుంటాను. తెప్ప మీద అతనికి తోడు వాళ్ళ చిన్నాన్న. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. తెప్ప అంటే తెలియనివారికి చెబుతున్నాను, దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించి కట్టేది. దానికి గోడలుండవు, కూర్చున్నవాడి నడుం దాకా అల వస్తుంది. దాని మీద వాళ్ళు తీరం కనబడనంత దూరం వెళ్ళి వేట చేసేవాళ్ళు.

బావకి కబుర్లంటే ప్రాణం. సాయంత్రం ఇసుకలో కూర్చోబెట్టి, పడమటి వైపు నీలంగా ఉన్న మహేంద్రగిరి చూపించి, “ఆ సికరం అగుపడినంత సేపూ మా ఊరెటో మాకు తెలుస్తాది బావా. అది మునిగిపోనాదంటే ఇంక నీల్లు తప్ప ఏటీ లేదు” అన్నాడు. నేను దాన్ని నా భాషలోకి మార్చి పుస్తకంలో రాసుకున్నాను. మీరు వేటకి పోతుండగా ఒక ఫొటో తీస్తాం, అట్ట మీద వేస్తారేమో అన్నాను. అతని మొహం చూడవలసిందే. ఆ మాట అప్పుడే ఊరంతా చెప్పి వచ్చాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఒడ్డుకి వెళ్ళాం. బావ భార్య అంతకు ముందే ఎండుచేపల గంప ఎత్తుకుని సంతకి వెళ్ళిపోయింది. ముసలమ్మ ఇంటి దగ్గరే ఉంది. మిగతా తెప్పలన్నీ మేం చూస్తుండగానే అలలు దాటి వెళ్ళిపోయాయి. అన్నయ్య మోకాలి లోతు నీళ్ళలో, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. పొద్దు వాళ్ళ మొహాల మీద పడాలని అతని ఆలోచన. కానీ సరిగ్గా ఆ వేళకి ఒక మబ్బుతునక సూర్యుణ్ణి కమ్మింది. అన్నయ్య రీలులో రెండే బొమ్మలు మిగిలాయి.

“వెలుగు చాలదురా తమ్ముడూ. ఉన్నదాన్తో ఒకటి తీసి వదిలేద్దాం, వాళ్ళకి పనుంది” అన్నాడు అన్నయ్య.

నేను ఒప్పుకోలేదు. అట్ట మీద ఎండ లేని బొమ్మ ఎలా ఉంటుందో తలుచుకుని, మా అధికారి మెచ్చుకోలు తలుచుకుని, “కొంచెం ఆగు బావా, మబ్బు విడిపోతుంది” అన్నాను.

“ఆగుదుంలే బావా. సేపలెక్కడికి పోతాయి” అన్నాడతను, తెప్ప మీద చెయ్యి వేసి.

చిన్నాన్న మాత్రం అసహనంగా కాళ్ళు మార్చుకుంటూ, “పొద్దెక్కిపోతన్నాది. దగ్గిర్లో అందరూ వలలేసీసుంటారు. మనం మరింత లోనికి ఎల్లాలి” అన్నాడు.

“ఊరుకో సిన్నాన్నా. మన మొకాలు పుస్తకంలో పడతాయట” అని బావ నవ్వేశాడు.

ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న కొనిచ్చిన గడియారం నా చేతికుంది. అందులో అరగంట దాటింది. చివరికి మబ్బు జరిగి, ఒడ్డంతా బంగారం పోసినట్టు ఎండ వచ్చింది. అప్పటికి వాళ్ళిద్దరి మొహాల్లో విసుగు వచ్చేసింది కాబట్టి, “కాస్త నవ్వు బావా” అన్నాను. నవ్వాడు. అన్నయ్య రెండు బొమ్మలూ తీశాడు. వాళ్ళు తెప్పని నీళ్ళలోకి తోసుకుని ఎక్కారు. మొదటి అల దాటాక బావ వెనక్కి తిరిగి, “పుస్తకం ఒస్తే ఒకటి అంపించు బావా” అని అరిచాడు.

సాయంత్రానికి తిరిగి వస్తామని ముసలమ్మతో చెప్పి ఆ రోజు మేం బారువ వెళ్ళాం. గుడి చూసి, కొబ్బరితోటలో పడుకుని, ఏ మాటతో వ్యాసం ముగించాలా అని ఆలోచిస్తుండగా మధ్యాహ్నం గాలి మారింది. ముందు ఆకులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత ఈశాన్యం మూలనుంచి నల్లగా లేచి, చూస్తుండగానే వాన మీద పడింది. అది తుఫాను కూడా కాదు, గంటన్నర గాలివాన. తడిసిన బట్టలతో మేం పల్లెకి తిరిగి వచ్చేసరికి ఆడవాళ్ళంతా ఒడ్డున ఉన్నారు. తెప్పలన్నీ ఇసుకలో ఉన్నాయి. ఒక్కటి లేదు.

ఎవరూ ఏడవడం లేదు. అలా నిలబడి చూస్తున్నారు, అంతే. బావ భార్య సంత నుంచి వచ్చి, ఖాళీ గంప చంకన పెట్టుకునే నిలబడింది. మధ్యాహ్నానికే ఒడ్డు చేరిన ఒక జాలరి ముసలమ్మతో చెబుతున్నాడు. “ఆల్లు ఆలీసంగా ఎల్లినారు పెద్దమ్మా. మబ్బు సూసి మేం వల లాగీసి తిరిగీసరికి ఆల్లింకా లోనికి పోతన్నారు. కేకేసినాను. గాలికి ఇనబడనేదు. ఎందుకంత ఆలీసమైనాదో.”

అన్నయ్య నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. ఒడ్డున మేం ఆపిన సంగతి తెలిసినవాళ్ళు నలుగురే. అందులో ఇద్దరు ఆ నీళ్ళలో ఉన్నారు.

ఆ పూట కూడా ముసలమ్మ మాకు అన్నం పెట్టింది. అతిథులు పస్తుండకూడదట. తిన్నాను. మూడో రోజున ఉత్తరాన, ఒడిశా వైపు ఒడ్డుకి తాళ్ళు తెగిన దుంగలు కొట్టుకొచ్చాయని కబురు వచ్చింది. మనుషులు రాలేదు. మేం ఆ మధ్యాహ్నం బయలుదేరాం. టెక్కలి దాకా అన్నయ్య నా వైపు తిరగలేదు. బస్సెక్కాక, “ఎవరితోనూ అనకు. అని ఏం లాభం” అన్నాడు. నేను తల ఊపాను. నాకు కావలసిన మాట అదే.

ఆ వారంలోనే స్టూడియోలో చీకటిగది ఎర్రదీపం కింద, మందునీళ్ళ పళ్ళెంలో ఆ బొమ్మ మెల్లగా తేలుతూ వచ్చింది. ముందు దుంగలు, తర్వాత చేతులు, ఆపైన బావ నవ్వు. అంత చక్కటి బొమ్మ అన్నయ్య తన జీవితంలో తియ్యలేదు. అప్పుడే చూశాం, పక్కన నిలబడ్డ చిన్నాన్న కెమెరా వైపు చూడడం లేదు. తల తిప్పి, ఈశాన్యం మూల ఆకాశం వైపు చూస్తున్నాడు. అన్నయ్య కాగితం తీసి తాడుకి తగిలించాడు.

మా అధికారి ఆ బొమ్మ చూసి కుర్చీలోంచి లేచాడు. అట్ట మీద ఇదే ఉండాలన్నాడు. ఇది వద్దండీ అన్నాను. ఎందుకన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట, వెలుగు సరిగ్గా లేదండీ అని. ఆయన పకపకా నవ్వి, ఇంతకంటే వెలుగు ఎక్కడుంటుందయ్యా అన్నాడు. ‘ఉదయకాంతిలో ఉత్సాహంగా వేటకు సాగిపోతున్న మత్స్యకారులు’ అని కింద వాక్యం నాచేతనే రాయించాడు. పుస్తకం వచ్చింది, నలుగురూ మెచ్చుకున్నారు, నా ఉద్యోగం ఖాయమయింది. మా నాన్న ఆ పుస్తకం పట్టుకుని ఊళ్ళో ఇంటింటికీ తిరిగాడు. ఆ మెప్పు నేను వద్దనలేదు. అందుకే ఈ వయసులో కూడా నిద్ర లేవగానే నాకు ముందు గుర్తొచ్చేది సముద్రం కాదు, ఆ వాక్యం.

ఫాల్గుణంలో ఒక్కణ్ణే ఆ పల్లెకి వెళ్ళాను. పుస్తకమూ, పెద్దది చేయించిన ఫొటో ఒకటీ చేతిలో ఉన్నాయి. ముసలమ్మ గుమ్మంలో వల కుడుతోంది. కోడలు పెరట్లోంచి వచ్చి తడిక పక్కన నిలబడింది. ఫొటో ఇచ్చి వచ్చేద్దామనే వెళ్ళాను. కానీ ఆ ముసలావిడ చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకుని, ఇంత దూరం మాకోసం ఒచ్చినావా బాబూ అనేసరికి ఇక ఆగలేకపోయాను. ఆ రోజు వాళ్ళకి ఆలస్యమైంది నావల్లే, ఎండ కోసం నేనే ఆపాను అని చెప్పేశాను.

ఆవిడ సూది ఆపింది. “ఎంత సేపు?” అంది.

“అరగంట.”

పక్కింట్లో ఎవరో చేపలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. “ఆడు ఆగనంటే నువ్వు ఆపగలవేటి బాబూ” అంది చివరికి. “ఆడికా మోజు సిన్నప్పట్నుంచీ ఉన్నాది. ఆడే ఆగినాడు. నువ్వు మనసులో ఎట్టుకోకు.”

కోడలు ఈ మాటలేవీ విననట్టు ఫొటో తీసుకుని గుమ్మం వెలుగులోకి తిప్పింది. పెళ్ళినాడు కూడా వాళ్ళకి ఫొటో లేదట. వేలితో అతని మొహం తాకకుండా, మొహం చుట్టూ గీత గీసినట్టు తిప్పింది.

“నవ్వుతన్నాడు” అంది. “నువ్వు నవ్వమన్నావా, ఆడే నవ్వినాడా?”

“తనే నవ్వాడమ్మా” అన్నాను.

ఆ మాటకి ఆమె తల ఊపింది. ఆ ఒక్క అబద్ధానికి నేనెప్పుడూ బాధపడలేదు. కానీ ఆమె చూపు ఫొటోలో పక్కకి జరిగింది. చాలాసేపు అక్కడే ఆగింది.

“సిన్నమావ మబ్బు సూస్తన్నాడు” అంది. అంతే. ఫొటో తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను ఉన్నంతసేపూ మళ్ళీ బయటికి రాలేదు. ముసలమ్మే ఊరి చివర జీడితోటల దాకా నాతో నడిచి వచ్చి, జాగర్త బాబూ అని వెనక్కి తిరిగింది. ఆవిడ నన్ను క్షమించింది. కోడలు క్షమించిందో లేదో నాకు తెలియదు. ఇంతకాలం నన్ను వెంటాడుతున్నది ఆ తెలియకపోవడమే.

తర్వాత అందరిలాగే బతికాను. బదిలీలు, పెళ్ళి, పిల్లలు. కూతురి పెళ్ళిలో ఫొటోగ్రాఫరు అక్షింతలు వెయ్యబోతున్నవాళ్ళని ఒక్క నిమిషం ఆగండి అంటే, నేను పీట మీంచి లేచిపోయానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. కాశీ వెళ్ళినా రామేశ్వరం వెళ్ళినా నేను ఫొటో దిగలేదు. అన్నయ్య నరసన్నపేట మారి పెళ్ళిళ్ళ ఫొటోలు మాత్రమే తీసుకుంటూ బతికాడు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా మేం ఆ మాట ఎత్తుకోలేదు. అతని ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుంటే నా మణికట్టు పట్టుకుని, “ఆ రోజు ఎంత సేపు ఆపాంరా?” అని అడిగాడు. “పది నిమిషాలుంటుంది అన్నయ్యా” అన్నాను. “అంతేనా” అని కళ్ళు మూసుకున్నాడు. నమ్మాడో, నాకోసం నమ్మినట్టు నటించాడో.

ఆరేళ్ళ కిందట మా చిన్నవాడు కారులో తీసుకెళితే ఆ తీరానికి మళ్ళీ వెళ్ళాను. మేం రోజంతా నడిచిన దూరం నలభై నిమిషాల్లో అయిపోయింది. దుంగల తెప్పలు లేవు, మోటారు కట్టిన పడవలు రంగురంగులుగా వరుసగా ఉన్నాయి. గాలి ఎటునుంచి వస్తుందో, ఎన్ని గంటలకి వస్తుందో జాలర్లకి ఇంటి దగ్గరే ఫోనులో తెలిసిపోతోంది. ఇది మంచిదే. ఆ రోజుల్లో ఎందుకు లేదని నేను ఎవరిని అడగను? కాలేజీ పిల్లలు పడవ మీద కూర్చుని ఫొటోలు తీసుకుంటున్నారు, నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ తీసుకుంటున్నారు. ఒక బొమ్మకి ఒక్క క్షణం, అదీ సూర్యుడితో పని లేకుండా.

ఆ ఇల్లు ఎక్కడని అడిగాను. వల బాగుచేసుకుంటున్న ఒకతను, ఆ వరుస ఇళ్ళన్నీ సముద్రం కోసుకుపోయి ఇరవై ఏళ్ళు దాటిందని, ఆ కుటుంబాలన్నీ రోడ్డవతల కాలనీకి వెళ్ళిపోయాయని చెప్పాడు. ముసలమ్మ ఎప్పుడో పోయింది. కోడలు పుట్టింటివాళ్ళతో పారాదీప్ వైపు వెళ్ళిందని విన్నాడట, ఉందో లేదో తెలియదన్నాడు. మరి తెప్పలు కట్టేసుకునే రేవు ఎక్కడుండేది అన్నాను. అతను కూర్చున్నచోటునుంచి లేవకుండానే చెయ్యి చాపి చూపించాడు.

అలలు విరుగుతున్నచోటుకి కూడా అవతల, చాలా లోపల. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డ ఇసుక ఇప్పుడు అక్కడ, నీళ్ళ కింద ఉంది. చెప్పులు విప్పి, మోకాలి లోతు దాకా వెళ్ళాను. అంతకంటే ముందుకి మా చిన్నవాడు వెళ్ళనివ్వలేదు.